స్నానం రోజుకి ఎన్నిసార్లు? మీ ఒంటికి ఎంత కావాలో మీరే తేల్చుకునే పద్ధతి

రోజుకి ఒకసారి చాలా, రెండుసార్లు కావాలా, చలికాలంలో ఒక పూట మానేస్తే ఏమవుతుంది? ఇంట్లో అమ్మమ్మ ఒకటి చెప్తుంది, టీవీలో సబ్బు ప్రకటన ఇంకోటి చెప్తుంది, డాలస్‌లో ఉన్న తమ్ముడు ఫోన్ చేసి అక్కడి డాక్టరు రోజూ వద్దన్నాడని మరోటి చెప్తాడు. అందరికీ పనికొచ్చే ఒకే అంకె అంటూ లేదు. కాబట్టి మీ ఊరి ఎండకీ, మీ పనికీ, మీ వయసుకీ తగ్గట్టు మీరే లెక్క తేల్చుకునే పద్ధతి ఇక్కడ చెప్తున్నాను. ముందే ఒక మాట: మన ప్రాంతంలో రోజూ ఒంటి మీద నీళ్ళు పోసుకోవడం వల్ల చెడేదేమీ లేదు. చెడగొట్టేవి మూడు. రోజూ ఒళ్ళంతా సబ్బు, పొగలు కక్కే వేణ్ణీళ్ళు, సరిగ్గా ఆరకుండానే బట్టలు వేసుకోవడం. ఈ మూడింటినీ దారిలో పెడితే ఎన్నిసార్లు అన్న ప్రశ్న సగం తీరిపోతుంది.

1. ముందు మీ చర్మం సంగతి చూసుకోండి

ఒంటి మీద 20 నుంచి 40 లక్షల దాకా చెమట గ్రంథులు ఉంటాయి. వాటిలో చాలావరకు వదిలేది ఉప్పు కలిసిన నీళ్ళే, దానికి వాసన ఉండదు, ఉత్త నీళ్ళతోనే పోతుంది. చంకల్లో, గజ్జల్లో మాత్రం ఇంకో రకం గ్రంథులు ఉంటాయి, అవి యుక్తవయసు వచ్చాకే పని మొదలుపెడతాయి, వాటి నుంచి వచ్చే చిక్కటి చెమటని అక్కడి బ్యాక్టీరియా విడగొట్టినప్పుడు పుట్టేదే మనం ముక్కు మూసుకునే ఆ వాసన. ఏడేళ్ళ పిల్లాడు సాయంత్రం దాకా ఆడి వచ్చినా మట్టి వాసనే తప్ప చంక వాసన రాకపోవడానికి కారణం అదే.

ఇక చర్మం పై పొర. అది చచ్చిన కణాల పొర, వాటి మధ్య కొవ్వు ఉంటుంది, ఒంట్లో తేమ బయటికి పోకుండా పట్టి ఉంచేది ఆ కొవ్వే. చర్మం పీహెచ్ (పులుపు, క్షార గుణాల కొలత) 5 దగ్గర ఉంటుంది, అంటే కాస్త పులుపు వైపు. మామూలు సబ్బు పీహెచ్ 9 నుంచి 10, అంటే క్షారం వైపు. సబ్బు మురికి జిడ్డుతో పాటు ఈ కొవ్వుని కూడా కొంత ఊడ్చుకుపోతుంది. పాతికేళ్ళవాళ్ళకి అది కొన్ని గంటల్లో సర్దుకుంటుంది, అరవై దాటినవాళ్ళకి అంత తొందరగా సర్దుకోదు.

మీ చర్మం ఏ స్థితిలో ఉందో తెలుసుకోవడానికి ఖర్చులేని పరీక్ష ఒకటుంది. స్నానం చేశాక ఏమీ రాసుకోకుండా ఒక అరగంట ఆగి, మోకాలి కింద ముందువైపు చర్మం మీద గోటితో మెల్లగా గీయండి. తెల్లగా సుద్దతో గీసినట్టు గీత పడి, అంచుల్లో సన్నటి పొట్టు లేచిందంటే మీరు అవసరానికి మించి కడుగుతున్నట్టే. మొహం బిగుసుకుపోయినట్టు ఉండటం, రాత్రి పడుకోగానే పిక్కల దగ్గర దురద, ఇవి కూడా అదే చెప్తాయి. దీనికి ఎదురుగా, చెవుల వెనక వేలితో రుద్దితే నల్లటి మట్టి ఉండలు కట్టడం, మెడ మడతల్లో, బొడ్డులో పేరుకున్న మురికి, ఇవి తక్కువ కడుగుతున్నారని చెప్పే గుర్తులు. కొందరికి ఈ రెండూ ఒకేసారి ఉంటాయి, కాళ్ళు ఎండి పగులుతుంటాయి, చంకలు మాత్రం శుభ్రంగా ఉండవు. అలాంటివాళ్ళు స్నానాల సంఖ్య మార్చనక్కర్లేదు, సబ్బు పెట్టే చోటు మార్చుకుంటే చాలు.

2. మీ రోజు ఎలాంటిదో బట్టి లెక్క వేసుకోండి

మే నెలలో రెంటచింతలలోనో రామగుండంలోనో ఉన్నవాళ్ళకి రెండు పూటలా స్నానం సుఖం మాత్రమే కాదు, అవసరం. విజయవాడ, విశాఖ, కాకినాడ వైపు ఎండ కంటే ఉక్కపోత ఎక్కువ, చెమట ఆరదు, ఒంటి మీదే నిలిచిపోయి చెమటకాయలు లేస్తాయి, కాబట్టి అక్కడ సాయంత్రం స్నానం మానకండి. ఆ రెండో స్నానానికి ఉత్త నీళ్ళు చాలు, చంకలకీ గజ్జలకీ తప్ప సబ్బు అక్కర్లేదు.

డిసెంబరు, జనవరి నెలల్లో ఆదిలాబాద్‌లోనో లంబసింగిలోనో, ఇంట్లోంచి కదలకుండా చెమట పట్టని పని చేసుకునేవాళ్ళు ఒక రోజు విడిచి ఒక రోజు చేసినా ఆరోగ్యానికి వచ్చే నష్టం ఏమీ లేదు. స్నానం చేయని రోజు మొహం, చంకలు, గజ్జలు, పాదాలు కడుక్కుని లోపలి బట్టలు మార్చుకుంటే సరిపోతుంది. పూజకీ మడికీ చేసే స్నానం సంగతి వేరు, అది మీ ఇష్టం, మీ నమ్మకం. రోజూ తెల్లవారుజామునే చేయండి, అభ్యంతరం లేదు, ఆ స్నానానికి సబ్బు తప్పనిసరి కాదు కదా.

టొరంటోలోనో మిచిగన్‌లోనో ఉన్న మనవాళ్ళకి ఇంకో చిక్కు. బయట మంచు, లోపల రాత్రింబవళ్ళు నడిచే హీటరు, ఇంట్లో గాలి పూర్తిగా పొడిబారి ఉంటుంది, అందులో మన అలవాటు కొద్దీ పొద్దున్నే పదిహేను నిమిషాలు మరిగే షవర్ కింద నిలబడతారు. వెళ్ళిన మొదటి చలికాలంలోనే ఒళ్ళంతా దురద అని ఫోన్ చేస్తుంటారు. అక్కడ వారానికి మూడు నాలుగు పూర్తి స్నానాలు, మిగతా రోజుల్లో పైన చెప్పిన నాలుగు చోట్లా కడుక్కోవడం సరైన పద్ధతి.

ఇప్పటిదాకా చెప్పింది వాతావరణం గురించి. పని మీద వచ్చే లెక్క దీని కంటే గట్టిది, ఎందుకంటే అక్కడ స్నానం వాయిదా వేయకూడదు. పొలంలో పురుగుల మందు కొట్టి వచ్చినవాళ్ళు ఇంట్లోకి అడుగుపెట్టక ముందే బట్టలు విప్పి, సబ్బుతో ఒళ్ళంతా, తలతో సహా కడుక్కోవాలి. ఆ బట్టలు ఇంట్లోవాళ్ళ బట్టలతో కలిపి నానబెట్టొద్దు. సిమెంటు పని చేసేవాళ్ళు తడి సిమెంటు ఒంటి మీద ఆరనివ్వకూడదు, అది సబ్బు కంటే ఎన్నో రెట్లు ఘాటైన క్షారం, చర్మాన్ని కాల్చేస్తుంది, అంటిన చోట వెంటనే ఎక్కువ నీళ్ళతో కడగాలి.

గుంటూరు వైపు మిరప కళ్ళాల్లో కాయలు ఏరే ఆడవాళ్ళ చేతులు చూస్తే తెలుస్తుంది, వేళ్ళ సందుల్లో మంట, మొహం మీద చెయ్యి పెట్టలేరు, ఇంటికొచ్చి గబగబా నీళ్ళు పోసుకుంటే మంట ఒళ్ళంతా పాకుతుంది. మిరప ఘాటు నీళ్ళలో కరగదు, నూనెలో కరుగుతుంది. కాబట్టి చేతులకి ముందు కొబ్బరి నూనె పట్టించి రెండు నిమిషాలు రుద్ది, గుడ్డతో తుడిచేసి, అప్పుడు సబ్బుతో కడిగి, చివర్లో స్నానం. వేణ్ణీళ్ళు వద్దు, మంట పెరుగుతుంది.

జిమ్‌కి వెళ్ళేవాళ్ళు, షటిల్ ఆడేవాళ్ళు, హెల్మెట్ పెట్టుకుని రోజంతా బండి మీద తిరిగే డెలివరీ కుర్రాళ్ళు: పని అయిన వెంటనే స్నానం, వీలు కాకపోతే కనీసం తడిసిన బనియన్ మార్చండి.

3. సబ్బు పెట్టాల్సిన చోట్లు కొన్నే

చంకలు, గజ్జలు, పిరుదుల మధ్య, పాదాలు, వేళ్ళ సందులు, మెడ, చెవుల వెనక. రోజూ సబ్బు కావలసింది వీటికే. చేతులు, కాళ్ళు, పొట్ట, వీపు వీటికి దుమ్మో జిడ్డో అంటని రోజు నీళ్ళు చాలు. పీచుతో రుద్దడం వారానికి ఒకటి రెండుసార్లకి తగ్గించండి, రోజూ ఎర్రబడేలా తోమితే మురికి ఎప్పుడో పోయి, మీరు తోమేది చర్మాన్నే. ఆ పీచు కూడా తడి బాత్రూంలో వేలాడుతూ ఉంటే బూజు పడుతుంది, ఎండలో పెట్టండి.

ఆడవాళ్ళు యోని లోపలి భాగం అసలు కడగనక్కర్లేదు. అది తనంతట తాను శుభ్రపడే చోటు, అక్కడి పీహెచ్ 3.8 నుంచి 4.5 మధ్య ఉంటుంది, సబ్బు, వాసన వచ్చే వాష్‌లు పోస్తే ఆ సమతూకం పోయి ఇన్ఫెక్షన్లు వస్తాయి. పైభాగం నీళ్ళతో కడిగితే చాలు. మగవాళ్ళు పురుషాంగం కొసన ఉండే చర్మాన్ని వెనక్కి లాగి నీళ్ళతో కడుక్కోవాలి, ఈ మాట చాలా ఇళ్ళలో ఎవరూ చెప్పరు, ఎదిగిన కొడుకులకి తండ్రి చెప్పాల్సిన విషయం. చిన్నపిల్లల్లో మాత్రం ఆ చర్మాన్ని బలవంతంగా లాగకూడదు.

ఏ సబ్బు కొనాలన్నదానికి అట్ట వెనక చూడండి. మన దేశ ప్రమాణాల ప్రకారం టాయిలెట్ సబ్బుల్లో గ్రేడ్ 1 అంటే టీఎఫ్‌ఎం (సబ్బులో ఉండే మొత్తం కొవ్వు పదార్థం) కనీసం 76 శాతం, గ్రేడ్ 2 అంటే 70, గ్రేడ్ 3 అంటే 60. బేతింగ్ బార్ అని రాసి ఉంటే ఆ లెక్క వేరే, అందులో 40 ఉన్నా చాలు. టీఎఫ్‌ఎం ఎక్కువైతే సబ్బు నాణ్యమైనదని అర్థం కానీ, ఎంత నాణ్యమైనా అది క్షారమే. ఎండిన చర్మం ఉన్నవాళ్ళకి సిండెట్ బార్ మంచిది, అది మామూలు సబ్బు కాదు, పీహెచ్ చర్మానికి దగ్గరగా ఉంటుంది. క్రిములని చంపేస్తుందని చెప్పే సబ్బుకి ఎక్కువ డబ్బు పెట్టకండి. ట్రైక్లోసాన్‌తో సహా 19 రకాల క్రిమిసంహారకాలు కలిపిన సబ్బులని 2016లో అమెరికా ఆహార, ఔషధ సంస్థ మార్కెట్లోంచి తీసేయమంది, మామూలు సబ్బు, నీళ్ళ కంటే అవి మెరుగ్గా పనిచేస్తాయని కంపెనీలు నిరూపించలేకపోయాయి.

సున్నిపిండి వాడేవాళ్ళు హాయిగా వాడుకోవచ్చు. పెసరపిండి కొంత జిడ్డు పీల్చుకుంటుంది, సబ్బులాగా కొవ్వంతా తీసెయ్యదు. మెత్తగా జల్లించుకోండి, బరకగా ఉంటే గీసుకుంటుంది. మొటిమలున్న మొహానికి గట్టిగా రుద్దొద్దు.

4. నీళ్ళు ఎంత వేడి, ఎంత సేపు

మోచేతి మీద పోసి చూసుకుంటే చురుక్కుమనకూడదు, గోరువెచ్చగా ఉండాలి. స్నానం అయ్యాక అద్దంలో చూసుకుంటే చర్మం ఎర్రబడి ఉండటం, గది నిండా ఆవిరి కమ్ముకుని ఉండటం, ఈ రెండూ నీళ్ళు వేడెక్కువైనట్టు చెప్తాయి. సమయం 5 నుంచి 10 నిమిషాలు. మన బకెట్టు, మగ్గు ఈ విషయంలో షవర్ కంటే ఎంతో నయం, బకెట్టు అయిపోతే స్నానం అయిపోయినట్టే. ఒక బకెట్టు 15, 20 లీటర్లు. షవర్ నిమిషానికి 9 లీటర్ల పైనే పోసేది అయితే పది నిమిషాలకి 90 లీటర్లు దాటిపోతాయి. నగరాల్లో మనిషికి రోజుకి 135 లీటర్లు అని వేసే లెక్కలో స్నానానికి కేటాయించింది 55 లీటర్లే. వేసవిలో ట్యాంకర్ల మీద బతికే హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో రెండు పూటలా స్నానం కావాలంటే బకెట్టే దారి.

బోరు నీళ్ళు ఉన్న ఇళ్ళకి ఒక మాట. ఉప్పు నీళ్ళలో ఉండే కాల్షియం సబ్బుతో కలిసి తెల్లటి తెట్టులా ఒంటి మీద మిగిలిపోతుంది, ఎంత కడిగినా జారుతున్నట్టు, తర్వాత గరుకుగా ఉంటుంది. అక్కడ సబ్బు ఇంకా తగ్గించండి, వీలైతే చివరి రెండు మగ్గులు మంచి నీళ్ళు పోసుకోండి.

ప్రాణాల మీదకి తెచ్చే సంగతులు రెండున్నాయి. బకెట్టులో హీటర్ రాడ్ పెట్టినవాళ్ళు స్విచ్ ఆపడమే కాదు, ప్లగ్ పూర్తిగా పీకేశాకే నీళ్ళలో చెయ్యి పెట్టాలి, ఇంట్లో పిల్లలుంటే ఆ బకెట్టు దగ్గరే ఉండాలి. ఇక గ్యాస్ గీజరు కిటికీ లేని బాత్రూం లోపల ఉంటే కార్బన్ మోనాక్సైడ్ పేరుకుంటుంది, దానికి రంగు లేదు, వాసన లేదు, లోపల ఉన్న మనిషి స్పృహ తప్పిపోతారు. గీజరు బయట బిగించుకోండి. వీలు కాకపోతే నీళ్ళు ముందు బకెట్టుకి పట్టుకుని, గీజరు ఆపి, కాసేపు గాలి ఆడనిచ్చి, అప్పుడు తలుపు వేసుకోండి.

5. ఆరడం: అందరూ తొందరపడే చోటు

మన దగ్గర ఇప్పుడు తామర విపరీతంగా ఉంది. అది ఫంగస్, దానికి కావలసింది వెచ్చదనం, తడి, మడత. రెండు పూటలా శుభ్రంగా స్నానం చేసే మనిషికి కూడా గజ్జల్లో, నడుం చుట్టూ గుండ్రంగా, అంచు ఎర్రగా లేచి మధ్యలో మానినట్టు కనిపిస్తూ వస్తుంది. కారణం చాలాసార్లు స్నానం తర్వాతి రెండు నిమిషాల్లోనే ఉంటుంది: ఆఫీసు టైమైపోతోందని తడి ఒంటి మీదే బిగుతు జీన్స్ ఎక్కించడం.

ఒత్తి తుడుచుకోండి, రుద్దొద్దు. చంకలు, రొమ్ముల కింద, గజ్జలు, పిరుదుల మధ్య, చివరికి కాలివేళ్ళ సందులు ఒక్కొక్కటి. షుగర్ ఉన్నవాళ్ళు ఈ వేళ్ళ సందులు రోజూ వదలకూడదు, అక్కడ తడికి పాసిపోయి చర్మం చీలితే పుండు అక్కడి నుంచే మొదలవుతుంది. ఫ్యాన్ కింద రెండు నిమిషాలు నిలబడి, అప్పుడు వదులుగా ఉండే నూలు లోపలి బట్టలు వేసుకోండి. తువ్వాలు ఎవరిది వాళ్ళకే, మూడు నాలుగు రోజులకోసారి ఉతకాలి, తలుపు వెనక కొక్కేనికి కాకుండా ఎండలో ఆరాలి. తామర ఉన్నవాళ్ళ బట్టలు వేరుగా వేడినీళ్ళలో ఉతికి తిరగేసి ఎండబెట్టండి. మందుల షాపులో అడగ్గానే ఇచ్చే, స్టెరాయిడ్ కలిసిన ట్యూబులు మాత్రం వద్దు, రెండు రోజులు తగ్గినట్టే ఉంటుంది, తర్వాత మొండిదై కూర్చుంటుంది.

పొడిచర్మం వాళ్ళు చర్మంలో ఇంకా తేమ ఉండగానే, స్నానం అయిన మూడు నిమిషాల్లోపే కాళ్ళకీ చేతులకీ కొబ్బరి నూనో మాయిశ్చరైజరో రాసుకోవాలి. పూర్తిగా ఆరాక రాస్తే ఆ ఫలితం రాదు.

6. తలస్నానం లెక్క వేరు

వారానికి ఒకటి రెండుసార్లు చాలామందికి చాలు. జిడ్డు తల, హెల్మెట్ చెమట ఉంటే రెండు మూడు రోజులకోసారి. ఉంగరాల జుట్టు, పొడి జుట్టుకి వారానికోసారి. కుంకుడుకాయ రసం బాగానే జిడ్డు వదిలిస్తుంది, కళ్ళలో పడకుండా చూసుకోండి, మంట మామూలుగా ఉండదు. చుండ్రు ఉన్నవాళ్ళు తలకి నూనె పట్టించి రాత్రంతా ఉంచడం మానాలి, చుండ్రు తెచ్చే ఫంగస్‌కి ఆహారమే కొవ్వు. కీటోకోనజోల్ షాంపూ వారానికి రెండుసార్లు, పెట్టిన తర్వాత అయిదు నిమిషాలు ఉంచి కడగాలి. పెట్టగానే కడిగేస్తే పని చేయదు.

7. పసివాళ్ళు, బడి పిల్లలు, ముసలివాళ్ళు

పుట్టిన బిడ్డకి మొదటి స్నానం కనీసం 24 గంటలు ఆగి చేయించమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. పుట్టగానే ఒంటి మీద ఉండే తెల్లటి జిగురు మురికి కాదు, చర్మానికి రక్షణ, దాన్ని తోమేయొద్దు. ఆ తర్వాత మొదటి ఏడాది వారానికి మూడు స్నానాలు చాలని అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం మాట. మన ఉక్కకి రోజూ పోసినా ఫర్వాలేదు, సబ్బు మాత్రం రోజూ వద్దు, నీళ్ళు పోసేది అయిదు నిమిషాల్లో అయిపోవాలి. నూనె మర్దన మంచిదే, కొబ్బరి నూనె వాడండి. కానీ మర్దన చేసేవాళ్ళు ముక్కులో, చెవుల్లో నూనె చుక్కలు వేస్తామంటే గట్టిగా వద్దనండి, ముక్కులో వేసిన నూనె ఊపిరితిత్తుల్లోకి వెళ్తే నిమోనియా రావచ్చు. స్నానం తర్వాత సాంబ్రాణి పొగ కూడా వద్దు. పెద్దావిడ నొచ్చుకుంటుందని ఊరుకోవద్దు, అమ్మమ్మా, డాక్టరుగారు వద్దన్నారు అని చెప్పండి, ఆ మాటకి ఎదురుండదు.

6 నుంచి 11 ఏళ్ళ పిల్లలకి, ఒళ్ళు మురికి కాకపోతే, వారానికి ఒకటి రెండుసార్లు చేసినా తప్పులేదని అమెరికా చర్మ వైద్యుల అకాడమీ లెక్క. మన బడి పిల్లలు మట్టిలో, ఎండలో ఉంటారు కాబట్టి రోజూ సాయంత్రం ఆట అయ్యాక చేయిస్తే పొద్దున బడి హడావుడిలో స్నానం తప్పినా పర్లేదు. యుక్తవయసు మొదలయ్యాక రోజూ తప్పనిసరి.

డెబ్బై దాటినవాళ్ళకి చలికాలంలో వారానికి రెండు మూడు పూర్తి స్నానాలు, మిగతా రోజులు తడిగుడ్డతో తుడవడం. వాళ్ళు రోజూ చేసి తీరతామంటే చేయనివ్వండి, సబ్బు దాచేయండి, నీళ్ళు గోరువెచ్చగా పెట్టండి. బీపీ మాత్రలు వేసుకునేవాళ్ళకి వేడినీళ్ళ తర్వాత లేచి నిలబడగానే కళ్ళు తిరగొచ్చు, బాత్రూంలో ఒక ప్లాస్టిక్ కుర్చీ, గోడకి పట్టుకునే కడ్డీ, తడి కాళ్ళు జారని చాప ఉండాలి, లోపల గొళ్ళెం పెట్టుకోవద్దని చెప్పండి.

8. జ్వరం, ఆటలమ్మ, నెలసరి, వడదెబ్బ

జ్వరంలో స్నానం చేస్తే ముదురుతుందన్న భయం అక్కర్లేదు. వణుకు లేకపోతే గోరువెచ్చటి నీళ్ళతో తొందరగా చేసి తుడుచుకోవచ్చు, ఓపిక లేకపోతే మానేయండి. ఆటలమ్మ పోసినప్పుడు ఒంటి మీద నీళ్ళు పడనివ్వకపోతే పుండ్లకి చీము పట్టొచ్చు. సబ్బు లేకుండా గోరువెచ్చటి నీళ్ళు పోసి, గుడ్డతో అద్దండి, గోళ్ళు కత్తిరించండి. నెలసరిలో మొదటి రోజు నుంచే స్నానం, తలస్నానం రెండూ చేయొచ్చు, వేణ్ణీళ్ళు నడుం నొప్పికి కూడా హాయిగా ఉంటాయి.

ఎండనపడి వచ్చి వెంటనే చన్నీళ్ళు పోసుకోవద్దంటారు. ఆరోగ్యంగా ఉన్న మనిషి అయిదు నిమిషాలు నీడలో కూర్చుని మంచినీళ్ళు తాగి చేయడం మంచి అలవాటే. వడదెబ్బకి ఈ మాట పట్టుకుని ఆగితే మాత్రం ప్రాణం పోతుంది. ఒళ్ళు కాలిపోతూ, మాట తడబడుతూ, స్పృహ తప్పుతున్న మనిషికి ఆ క్షణమే నీడలోకి చేర్చి చన్నీళ్ళు ఒళ్ళంతా పోస్తూ, విసురుతూ 108కి ఫోన్ చేయాలి. స్పృహ లేనివాళ్ళ నోట్లో నీళ్ళు పోయొద్దు.

9. స్నానం మార్చినా తగ్గకపోతే

రెండు వారాలు సబ్బు తగ్గించి, నీళ్ళ వేడి తగ్గించి, నూనె రాసినా దురద పోకపోతే చర్మ డాక్టరు దగ్గరికి వెళ్ళండి. షుగర్, థైరాయిడ్, కాలేయం, మూత్రపిండాల తేడాలు కూడా ఉత్త దురదగానే బయటపడుతుంటాయి. స్నానం చేసిన గంటలోనే ఎప్పుడూ లేని వాసన వస్తున్నా చూపించుకోవాలి. రాత్రిపూట ఎక్కువయ్యే దురద, వేళ్ళ సందుల్లో, మణికట్టు దగ్గర, బొడ్డు చుట్టూ చిన్న పొక్కులు, ఇంట్లో మరొకరికి కూడా అదే ఉంటే అది గజ్జి. రోజుకి నాలుగుసార్లు స్నానం చేసినా ఆ పురుగు చావదు. డాక్టరు రాసిచ్చిన పూత మందుని దురద లేనివాళ్ళతో సహా ఇంట్లో అందరూ ఒకే రాత్రి మెడ దగ్గర నుంచి అరికాళ్ళ దాకా రాసుకుని, పొద్దున్నే స్నానం చేసి, దుప్పట్లూ బట్టలూ వేడినీళ్ళలో ఉతికి ఎండలో వేయాలి. ఉతకడానికి కుదరనివి సంచిలో కట్టి మూడు రోజుల పైన పక్కన పెట్టండి. మందు రెండోసారి ఎప్పుడు రాయాలో డాక్టర్ని అడిగి, మానేయకుండా ఆ రోజున మళ్ళీ రాయండి.